మన బీఎస్సీ నర్సింగ్‌తో అమెరికా ఆర్మీ నర్సు కావచ్చా? వాళ్లు ముందు అడిగేది డిగ్రీ కాదు

ఆ డబ్బు కట్టకు తల్లీ. మిగతాదంతా తీరిగ్గా చెబుతాను, ముందు ఈ మాట.

నువ్వు అడిగింది మళ్లీ ఒకసారి చెబుతాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకో. నీకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లోనే బీఎస్సీ నర్సింగ్ చేశావు, మూడేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నావు. నాన్నగారు ఆర్మీలో హవల్దార్‌గా రిటైరయ్యారు. చిన్నప్పుడు తిరుమలగిరి మిలిటరీ హాస్పిటల్లో భుజాల మీద నక్షత్రాలున్న నర్సుల్ని చూసి, అయితే అలాగే అవ్వాలనుకున్నావు. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నాలుగున్నర లక్షలు కడితే మన డిగ్రీతోనే అమెరికా ఆర్మీలో నర్సు ఆఫీసర్‌ని చేస్తామంటున్నారు. నమ్మొచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఫిలిప్పీన్స్‌లో నర్సింగ్ చదివి వచ్చిన మీ పిన్ని కూతురు మన ఆర్మీలో చేరగలదా అన్నది రెండోది.

నేనెవరో కూడా చెప్పాలి కదా. సైనిక్‌పురి పిల్లని. 2001లో ఇక్కడే బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేశాను, 2006లో అమెరికా వెళ్లాను, 2014లో ఆర్మీ రిజర్వ్ నర్స్ కోర్‌లో చేరాను, ఎనిమిదేళ్లు చేసి బయటికొచ్చాను. అమ్మకి తుంటి ఆపరేషన్ అయితే చూసుకోవడానికి ఇప్పుడు సైనిక్‌పురిలోనే ఉన్నాను. నిన్ను నువ్వు అనే అంటాను, మా అక్క కూతురి వయసు నీది.

అమెరికాలో ఆర్మీ నర్సు అంటే ఆర్మీ ఆసుపత్రిలో జీతానికి పనిచేసే మనిషి కాదు, కమిషన్ (ఆఫీసర్‌గా సైన్యంలో నియామకం) పొందిన ఆఫీసర్. లెఫ్టినెంట్‌గా మొదలవుతారు, అనుభవం ఉంటే ఇంకొంచెం పైన. అందుకే వాళ్లు మొదట అడిగేది నీ డిగ్రీ ఎక్కడిది అని కాదు, నువ్వు ఏ దేశం మనిషివి అని. యాక్టివ్ డ్యూటీ, అంటే పూర్తికాలం పనిచేసే ఆఫీసర్ కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. రిజర్వ్‌కి మాత్రం చట్టంలో చిన్న సందు ఉంది, గ్రీన్‌కార్డు ఉన్నా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజర్వ్ అంటే నెలకి ఒక శని ఆదివారాలు, ఏడాదికి సుమారు రెండు వారాలు డ్యూటీ, అవసరం పడితే నెలల తరబడి పిలుపు. మిగతా రోజుల్లో మామూలు ఆసుపత్రి ఉద్యోగం. గ్రీన్‌కార్డూ లేదు, పౌరసత్వమూ లేదంటే ఫైలు అసలు తెరవరు. ఇక్కడి నుంచి అమెరికా ఆర్మీకి తీసుకెళ్లే వీసా అంటూ ఏదీ లేదు. ఒకప్పుడు మావ్నీ అని ఒక పథకం ఉండేది. అప్పటికే వీసా మీద అమెరికాలో ఉన్న డాక్టర్లనీ నర్సులనీ కొన్ని భాషలు వచ్చినవాళ్లనీ గ్రీన్‌కార్డు లేకుండానే తీసుకునేవారు. 2016 తర్వాత అందులో కొత్తవాళ్లని తీసుకోలేదు. దాని పేరు చెప్పి ఇప్పటికీ డబ్బులు గుంజేవాళ్లున్నారు, జాగ్రత్త.

నువ్వు పంపిన ఆ కన్సల్టెన్సీ కరపత్రం రెండుసార్లు చదివాను. అందులో నిజంగా వాళ్లు చేస్తామన్నవి మూడే: ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష) కోచింగ్, ఇంగ్లిష్ పరీక్ష కోచింగ్, సర్టిఫికెట్ల వెరిఫికేషన్. మూడూ అవసరమైన పనులే, ఎవరైనా చేయించుకునేవే. ఆర్మీ అన్న ముక్క మాత్రం పైన అతికించింది. ఆ ముక్క ఖరీదే నాలుగున్నర లక్షల్లో పెద్ద భాగం అని నా అనుమానం. వాళ్లని ఒక్క మాట అడుగు: "నాకు గ్రీన్‌కార్డు ఏ కేటగిరీలో, ఎన్నేళ్లకి వస్తుంది?" జవాబు చెప్పకుండా ఫోటో ఆల్బమ్ తీస్తే లేచి వచ్చెయ్.

గ్రీన్‌కార్డు దగ్గరే అసలు కష్టం. నా కాలం వేరు. 2005లో అమెరికా కాంగ్రెస్ నర్సులకూ ఫిజియోథెరపిస్టులకూ కలిపి 50 వేల ఇమిగ్రెంట్ వీసాలు విడిగా కేటాయించింది. ఆ ఊపులో మా బ్యాచ్ నుంచే ఐదుగురం వెళ్లాం, ఇంటర్వ్యూ నుంచి విమానం ఎక్కేదాకా పెద్ద ఆలస్యమేమీ లేదు. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ వీసాలు అయిపోయాయి. ఇప్పుడు నర్సులు వెళ్లేది ఎక్కువగా ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-3 కేటగిరీలో. నర్సుల కొరత ఉందని వాళ్ల ప్రభుత్వమే ఒప్పుకుంది కాబట్టి ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని ఆసుపత్రి విడిగా నిరూపించక్కర్లేదు, అది షెడ్యూల్ ఏ అనే వెసులుబాటు. కానీ క్యూ మాత్రం తప్పదు. ఇండియాలో పుట్టినవాళ్లకి ఆ క్యూ పదేళ్లు దాటిపోయింది. ఫిలిప్పీన్స్ నర్సుకి ఆ బాధ చాలా తక్కువ. ఇక్కడ లెక్కలోకి వచ్చేది నువ్వు ఎక్కడ చదివావన్నది కాదు, ఎక్కడ పుట్టావన్నది. కాబట్టి మీ పిన్ని కూతురు ఫిలిప్పీన్స్‌లో చదివినా, నిజామాబాద్‌లో పుట్టింది కనక మన క్యూలోనే నిలబడాలి.

నీ వయసుతో లెక్క వేసి చూద్దాం. ఎన్‌క్లెక్స్ రాసి, నీ గ్రీన్‌కార్డుకి పిటిషన్ వేసే ఆసుపత్రి దొరికేసరికి 28. క్యూ కదిలి గ్రీన్‌కార్డు వచ్చేసరికి, అంతా బాగా జరిగితేనే 38, 40. ఆర్మీ నర్స్ కోర్‌కి వయసు మామూలుగా 21 నుంచి 42 లోపు, పైన మినహాయింపు అడగొచ్చు గానీ ఇస్తారన్న హామీ లేదు. అంటే రిజర్వ్ తలుపు దగ్గరికి ఆఖరి నిమిషంలో చేరతావు. యాక్టివ్ డ్యూటీ కావాలంటే గ్రీన్‌కార్డు తర్వాత ఇంకో ఐదేళ్లు ఆగి పౌరసత్వం తీసుకోవాలి, అప్పటికి 43 దాటిపోతుంది. ఇది చెబుతుంటే నాకే బాధగా ఉంది. కానీ ఈ కూడికలు ముందే వేసుకోకుండా నాలుగున్నర లక్షలు కట్టినవాళ్లని చూశాను.

గ్రీన్‌కార్డు వేరే దారిలో త్వరగా వస్తే కథ మారుతుంది. అమెరికా పౌరుడైన భర్త వేసే పిటిషన్ లాంటిది. మన ఇళ్లలో "గ్రీన్‌కార్డు సంబంధం" అంటే ఎగిరి గంతేస్తారు. యూనిఫామ్ కోసం పెళ్లి చేసుకోమని మాత్రం నేను చచ్చినా చెప్పను. అలా చేతికి గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది, ఆఫీసర్‌గా కాకుండా సాధారణ సైనికురాలిగా చేరడం. గ్రీన్‌కార్డుతో అది చేయొచ్చు. సైన్యంలో సర్వీసు చేస్తున్నవాళ్లు మామూలు ఐదేళ్లు ఆగకుండానే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లోపల ప్రాక్టికల్ నర్స్, కాంబాట్ మెడిక్ పనులున్నాయి, తర్వాత ఆఫీసర్ అయ్యే మార్గాలూ ఉన్నాయి. నాతో శిక్షణలో ఒక కేరళ అమ్మాయి అలాగే వచ్చింది. ఇక్కడ స్టాఫ్ నర్సుగా ఆరేళ్లు చేసిన మనిషి అక్కడ పందొమ్మిదేళ్ల కుర్రాళ్లతో కలిసి బూట్లు పాలిష్ చేస్తూ మొదలుపెట్టింది. ఆ అహం వదులుకోగలిగితేనే ఆ దారి.

డిగ్రీ సంగతికి వస్తాను, నువ్వు అడిగిందే అది కదా. ఇక్కడ రెండు మాటలు కలిపేసి అందరూ బోల్తా పడతారు. ఒకటి సమానం, ఇంకోటి గుర్తింపు. మన నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ అమెరికా నర్సింగ్ డిగ్రీ బీఎస్ఎన్‌కి సమానమని సీజీఎఫ్ఎన్ఎస్ లాంటి సంస్థ రిపోర్టు ఇస్తుంది. ఆ సంస్థ ఇప్పుడు ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. ఆ రిపోర్టు లైసెన్సు దగ్గర పనికొస్తుంది, వీసా దగ్గర పనికొస్తుంది. ఆర్మీ అడిగేది అది కాదు. నర్సింగ్ కాలేజీలకి అక్కడ గుర్తింపు ఇచ్చే సంస్థలున్నాయి, సీసీఎన్ఈ, ఏసీఈఎన్ అని. డిగ్రీ ఇచ్చిన కాలేజీకి వాటిలో ఒకదాని గుర్తింపు ఉందా అని చూస్తారు. మన కాలేజీలకి ఉండేది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు.

2011 చివర్లో పౌరసత్వం వచ్చిన వారం రోజులకే నేను షాపింగ్ మాల్‌లో ఉన్న రిక్రూటింగ్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు నా ముఖం చూసి, ఫైలు చూసి, "మేడమ్, నర్సులని మేం చూడం" అన్నాడు. వైద్య విభాగానికి రిక్రూటర్లు వేరే ఉంటారు. ఆ సంగతి తెలియక రెండు నెలలు వాడి ఫోన్ కోసం ఎదురుచూశాను. అసలు రిక్రూటర్ దొరికాక ఆవిడ నా సమానత్వ రిపోర్టు అంతా చదివి, చివర పేజీ మీద వేలు పెట్టి, "ఇది బాగుంది, కానీ నా పైఅధికారులు ఒప్పుకోరు. ఇక్కడి మాస్టర్స్ తెచ్చుకో" అంది. సీసీఎన్ఈ గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తూనే ఎంఎస్ఎన్‌లో చేరాను. పగలు క్లాసు, రాత్రి డ్యూటీ, మధ్యలో కారులో నిద్ర. ఆ డిగ్రీ చేతికొచ్చాక హైదరాబాద్ డిగ్రీ గురించి ఒక్కరూ మళ్లీ అడగలేదు. అందుకే, ఎప్పుడైనా అక్కడికి చేరితే ఆ పైచదువుని ఖర్చుగా చూడకు.

జీఎన్ఎం చేసి తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసినవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. జీఎన్ఎం డిప్లొమా. దాని మీద రెండేళ్ల పోస్ట్ బేసిక్‌ని నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా లెక్కగడతారా లేదా అన్నది రిపోర్టు ఇచ్చే సంస్థని బట్టి ఉంటుంది. ముందు రిపోర్టు తెప్పించుకుని, తర్వాతే మిగతా ఖర్చులు పెట్టుకోండి.

లైసెన్సు గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన దారి. ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ హైదరాబాద్‌లోనే రాయొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది, ఒకే రోగి కథ మీద వరుసగా ప్రశ్నలు వేసి నీ ఆలోచన ఎటు పోతుందో చూస్తారు. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. మూడేళ్ల ఐసీయూ ఉన్నదానివి, ఆ కథలు నీకు కొత్తేం కాదు. మన దగ్గర డాక్టర్‌కి ఫోన్ చేసి ఆగిపోయే చోట, అక్కడ నర్సు ముందు ఏం చేస్తుంది అని అడుగుతారు, అక్కడే మనవాళ్లకి మార్కులు పోతాయి. ఏ రాష్ట్రం లైసెన్సుకి పెడుతున్నావో ముందే చూసుకో, కొన్ని రాష్ట్రాలు అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకుండా లైసెన్సు చేతికివ్వవు. వీసా కోసం వీసాస్క్రీన్ సర్టిఫికెట్ వేరే తెచ్చుకోవాలి, ఇంగ్లిష్ పరీక్ష అందులో భాగం. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ దగ్గరే ఉంది కదా అనుకోకు, ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ముంబైలో.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం ఒకటి. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున మన పౌరసత్వం పోతుంది, మన చట్టం రెండూ ఉంచుకోనివ్వదు. ఇది తెలిసినవాళ్లు "ఓసీఐ ఉందిగా" అంటారు, అంటే విదేశీ పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా వచ్చిపోయే కార్డు. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకి గానీ, చేసి రిటైరైనవాళ్లకి గానీ ఓసీఐ ఇవ్వరు. నేను పౌరసత్వం వచ్చిన ఏడాది ఓసీఐకి పెట్టుకోకుండా, చదువు హడావుడిలో ఇవాళా రేపూ అనుకుంటూ వాయిదా వేశాను. యూనిఫామ్ వేసుకున్నాక ఫారం తెరిస్తే అందులో ఆ గీత కనబడింది. అప్పటి నుంచి సొంత ఇంటికి రావడానికి ప్రతిసారీ వీసా తీసుకుంటున్నాను. శంషాబాద్‌లో దిగితే విదేశీయుల వరుసలో నిలబడతాను. కిందటిసారి ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆయన "ఎక్కడ ఉంటారు మేడమ్?" అని ఇంగ్లిష్‌లో అడిగితే, "సైనిక్‌పురి, మా అమ్మ దగ్గర" అని తెలుగులో చెప్పాను. తల ఎత్తి చూసి, ఏమీ అనకుండా స్టాంపు వేశాడు. నీ నాన్నగారు హవల్దార్‌గా చేశారన్నావు. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించి, ఆయన ఏమంటారో విను.

ఆర్మీ పని ఎలా ఉంటుందో నువ్వు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో దగ్గర ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో మా శిక్షణ. కొన్నాళ్లు క్యాంప్ బులిస్ అనే అడవి లాంటి చోట గుడారాల్లో ఉంచారు. మనం కాలేజీలో ఏబీసీ అని బట్టీ పట్టాం, ముందు ఎయిర్‌వే, తర్వాత బ్రీదింగ్, తర్వాత సర్క్యులేషన్. అక్కడ మొదటి రోజే దాన్ని తిరగేశారు. పేలుడులో కాలు పోయినవాడు గాలి అందక పోయేలోపే రక్తం పోయి పోతాడు, కాబట్టి ముందు రక్తం ఆపు అన్నారు. లైట్లు ఆర్పేసి, ఎవరి తొడకి వాళ్లనే ఒంటి చేత్తో టోర్నికే, అంటే రక్తం ఆపే బిగింపు పట్టీ, కట్టుకోమన్నారు. కర్ర తిప్పుతుంటే నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను ఆపేశాను. బోధకుడు టార్చి వేసి నా పాదం మీద నాడి పట్టి చూసి, "ఇంకా కొట్టుకుంటోంది లెఫ్టినెంట్, నువ్వు చచ్చిపోయావు" అన్నాడు. మళ్లీ తిప్పాను. కట్టిన టైమ్ దాని మీదే రాయాలి. చీకట్లో నా చేతిరాత నాకే అర్థం కాలేదు.

2017లో నన్ను జర్మనీలోని లాండ్‌స్టూల్ ఆసుపత్రికి పిలిచారు. అమెరికా బయట అమెరికన్ సైన్యానికున్న పెద్ద ఆసుపత్రి అది. దూరదేశాల్లో గాయపడినవాళ్లని విమానాల్లో తెచ్చి అక్కడ నిలబెట్టి, తర్వాత ఇంటికి పంపుతారు. ఇక్కడి వార్డుల్లో "సిస్టర్, ఇటు రండి" అని చప్పట్లు కొట్టి పిలిచే డాక్టర్ల దగ్గర పనిచేసి వెళ్లినదాన్ని, అక్కడ నాకన్నా ర్యాంకు తక్కువున్న మనిషి నన్ను మేడమ్ అంటే మొదట్లో వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఎవరినంటున్నాడా అని. అది బాగుంటుంది, కాదనను. కానీ మన ఐసీయూలో ఒక రాత్రిలో చూసే పనితో పోలిస్తే అక్కడ చాలా రాత్రులు కాగితాలూ కంప్యూటర్ ఎంట్రీలే. గాయపడ్డవాళ్లతో విమానం వచ్చిన రాత్రి మాత్రం తెల్లారిందాకా కూర్చునే పని ఉండదు.

సరే, మన ఆర్మీ. నువ్వు చిన్నప్పుడు చూసింది మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఆఫీసర్లని. 1888 మార్చిలో పదిమంది నర్సులు బొంబాయి రేవులో దిగడంతో మొదలై, 1926 అక్టోబర్ 1న ఆర్మీలో శాశ్వత భాగమైన సర్వీస్ అది. నీకు అక్కడ షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే కొన్నేళ్లకే ఆఫీసర్‌గా తీసుకునే పద్ధతి, సరిగ్గా సరిపోతుంది. ఆడపిల్లలకే, వయసు 21 నుంచి 35. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నచోట బీఎస్సీ, పోస్ట్ బేసిక్ లేదా ఎంఎస్సీ నర్సింగ్ చేసి ఉండాలి, రాష్ట్ర కౌన్సిల్‌లో నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ రిజిస్టర్ అయి ఉండాలి. కంప్యూటర్ పరీక్ష ఉంటుంది, 2024 జనవరిలో నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ) పెట్టింది. తర్వాత ఇంటర్వ్యూ, మెడికల్. మొదట ఐదేళ్లు, పొడిగించుకుంటూ పోతే పద్నాలుగేళ్ల దాకా. నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో రాదు, కాబట్టి ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్ నెలకోసారి చూస్తుండు.

లోటుపాట్లు దాచను. మిలిటరీ సర్వీస్ పే ఇతర ఆఫీసర్లకి 15,500 రూపాయలైతే నర్సింగ్ ఆఫీసర్లకి 10,800 అని ఏడో వేతన సంఘం నుంచీ నడుస్తోంది. సమాన హోదా గురించి లోపల గొణుగుడు ఎప్పుడూ ఉంటుంది. ఇక మీ అమ్మగారి భయం, పెళ్లైతే ఉద్యోగం తీసేస్తారని. ఒకప్పుడు తీసేసేవారు, నిజమే. 1988లో అలా పంపేసిన ఒక ఆఫీసర్ కోర్టుల చుట్టూ తిరిగి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది, 60 లక్షల పరిహారం ఇమ్మన్నారు. ఆ నిబంధననైతే 1995లోనే ఎత్తేశారు. ఈ ముక్క అమ్మగారికి చూపించు.

26 ఏళ్ల నీకు యూనిఫామ్ కావాలా, అమెరికా కావాలా? ఈ రెండిటినీ ఆ కన్సల్టెన్సీ ఒక్క మూటలో కట్టి అమ్ముతోంది. యూనిఫామ్ అయితే తొమ్మిదేళ్ల టైముంది, మీ ఇంటి నుంచి బస్సు దూరంలోనే దాని ఆసుపత్రి ఉంది. అమెరికా అయితే ఇప్పుడే క్యూలో నిలబడు, ఆ పదేళ్లూ ఇక్కడే సర్వీస్ చెయ్యి. అయితే ఒక్కటి గుర్తుంచుకో. మన ఆర్మీలో చేరాక విదేశీ వలస కాగితాలు రహస్యంగా నడపడం కుదరదు, పైవాళ్లకి చెప్పే చెయ్యాలి.

మధ్యలో ఇంకో రెండు దేశాలున్నాయి. బ్రిటన్‌లో కామన్వెల్త్ పౌరులకి సైన్యంలో చేరే వీలుంది, మన పాస్‌పోర్టుతోనే. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ (ఎన్ఎంసీ) రిజిస్ట్రేషన్ ముందు ఉండాలి. అక్కడి పాత ఆర్మీ నర్సింగ్ కోర్‌ని 2024 నవంబర్‌లో డాక్టర్ల, డెంటిస్టుల కోర్‌లతో కలిపి రాయల్ ఆర్మీ మెడికల్ సర్వీస్ అని ఒకటే చేశారు. ఎంతమంది కామన్వెల్త్ వాళ్లని తీసుకుంటారన్న నిబంధనలు మారుతుంటాయి, పెట్టుకునే ముందు వాళ్ల సైట్‌లోనే చూడు. కెనడా 2022 నవంబర్ నుంచి శాశ్వత నివాసం ఉన్నవాళ్లని కూడా సైన్యంలోకి తీసుకుంటోంది. ఇండియాలో పుట్టినందుకు పదేళ్ల క్యూ అన్న గొడవ అక్కడ లేదు. నీ స్థానంలో నేనుంటే, విదేశీ యూనిఫామే కావాలని పట్టుబడితే, అమెరికా కంటే ముందు కెనడా వైపు చూస్తాను. చలికి తట్టుకోగలిగితే.

మీ పిన్ని కూతురి సంగతి. విదేశీ డిగ్రీతో నేరుగా మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌కి వెళ్లలేదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం ప్రకారం విదేశంలో చదివినవాళ్లు ముందు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దగ్గర ఆ డిగ్రీని గుర్తింపజేసుకుని, తర్వాత తెలంగాణ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు, కాబట్టి ఏ ఆఫీసు తలుపు తట్టాలో దరఖాస్తు రోజున కనుక్కోమను. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఫిలిప్పీన్స్‌లో నర్సింగ్, మిడ్‌వైఫరీ రెండు వేరు చదువులు. మన ఆర్మీ రెండు రిజిస్ట్రేషన్లూ అడుగుతుంది. తన ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే చదివిన సబ్జెక్టుల, గంటల వివరాలతో కాలేజీ ఇచ్చే కాగితంలో, ప్రసూతి విభాగంలో ఎన్ని గంటలు చేసిందో, ఎన్ని కాన్పులు చూసిందో విడిగా ఉందా అని అడుగు. గుర్తింపు, మిడ్‌వైఫ్ రిజిస్ట్రేషన్ రెండూ చేతికి రాకుండా ఆర్మీ కోచింగ్‌కి రూపాయి కూడా కట్టొద్దను.

చివరిగా, ఏ దారిలో వెళ్లినా ఈ నెలలోనే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది, అది ట్రాన్స్‌క్రిప్ట్. నా కాలేజీ పేరు చెప్పను గానీ, 2004లో అక్కడి గుమాస్తా సీజీఎఫ్ఎన్ఎస్ ఫారంలో క్లినికల్ గంటల గడి దగ్గర "నిబంధనల ప్రకారం" అని రాసి సంతకం పెట్టించాడు. అంకె కావాలి సార్ అంటే, "నిబంధనలంటే అంకెలే కదమ్మా" అన్నాడు. ఐదు నెలల తర్వాత తిరిగొచ్చింది. మెడికల్ సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసిక వైద్యం, ఒక్కోదానికి థియరీ గంటలు వేరు, క్లినికల్ గంటలు వేరు, అంకెల్లో ఉండాలి. నీ దగ్గరున్న సిలబస్ పుస్తకం, క్లినికల్ రికార్డు పట్టుకెళ్లి, గుమాస్తా పక్కన కూర్చుని పట్టిక నువ్వే రాయించు. ఒకటి రెండు అసలు సెట్లు ఎక్కువే తీసుకో, కాలేజీలు మూతపడతాయి, ప్రిన్సిపాళ్లు మారతారు. ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లో పంపుతున్నారట. కవరులోనే పంపాల్సి వస్తే మాత్రం కాలేజీ సీలు సగం మూత మీద, సగం కవరు మీద పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకో. రెండోసారి నా కవరు తిరిగొచ్చింది ఆ సీలు పక్కకి పడినందుకే.